గుండె శస్త్రచికిత్స: మంచిచెడ్డల లెక్క

గుండెకు శస్త్రచికిత్స యనిన ఒకప్పుడు మడకశిర ప్రాంతమున వినికిడి మాత్రమే. 1991 నవంబరు 22వ తేదీన పుట్టపర్తి వద్ద ప్రశాంతిగ్రామమున ఉచిత వైద్యాలయము ప్రారంభమైనది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట అమలులోనికి వచ్చిన మూడు జిల్లాలలో నాటి మన అనంతపురము ఒకటి. చికిత్స దొరకునా యను ప్రశ్న కొంతవరకు తీరినది. అది ఎంత బాగుగా జరుగుచున్నదను ప్రశ్న మిగిలియున్నది. దీనికి కొలత కలదా? కలదు.

మొదటి కొలత మరణముల లెక్క. అయితే నూరుగురిలో ఎందరు చనిపోయిరని ఊరక లెక్కించిన న్యాయము కాదు. చెరువు క్రింది మడి పంటతో, వానకై ఎదురుచూచు మెట్టచేని వేరుశనగను పోల్చి, మెట్టరైతు చేతకానివాడనవచ్చునా? అట్లే వృద్ధులను, మధుమేహము గలవారిని, ముదిరిన రోగులను కాదనక చేర్చుకొను ఆసుపత్రిలో మరణములు హెచ్చుగా నుండవచ్చును. కావున రోగి వయస్సు, ఇతర వ్యాధులు, గుండె బలము చూచి ఇన్ని మరణములు సంభవింపవచ్చునని ముందు అంచనా వేసి, పిదప జరిగినవానితో పోల్చవలెను.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము 1989లో బైపాసు శస్త్రచికిత్సలకు ఈ పద్ధతి నవలంబించినది. ఇట్లు సరిచూచిన మరణములు ఆ యేడు నూటికి 4.17 ఉండగా, 1992 నాటికి 2.45కు తగ్గినవి. అచ్చట ఆల్బనీ నగరమందలి సెయింట్ పీటర్స్ ఆసుపత్రి సంగతి తెలిసికొనదగినది. 1992లో అత్యవసరముగా శస్త్రచికిత్స పొందిన 42 మందిలో 11 మంది మరణించిరి. వైద్యులు కాగితములు తిరుగవేసి చూడగా, తీవ్రావస్థలో వచ్చిన రోగిని ముందు కుదుటపడనీయక వెంటనే శస్త్రచికిత్సకు తీసికొనిపోవుటయే దోషమని తేలినది. పద్ధతి మార్చిరి. మరుసటి యేడు అట్టి 54 మందిలో ఒక్కరును చనిపోలేదు. లెక్క వ్రాయకున్న ఈ దోషము ఎవరి కంటబడును?

ఇందు పంచాయతీకేమి పని యందురేమో. ఆసుపత్రిలోని మరణములనే లెక్కించినచో, ఇల్లు చేరిన పదవనాడు కన్నుమూసినవాడు లెక్కకు రాడు. అందుచే శస్త్రచికిత్స జరిగిన 30 దినములలోపు ఎచ్చట మరణించినను చేర్చుట పలుచోట్ల ఆచారము. ఆ మరణము నమోదగునది మన గ్రామ పంచాయతీలోనే. 21 దినములలోపు నమోదు చేయించి, శస్త్రచికిత్స సంగతిని ఆరోగ్య కార్యకర్తకు తెలుపుడు.

బ్రతికినవారి సంగతియు కొలతలోనిదే. కీళ్లవాత జ్వరముచే గుండె కవాటము చెడి, లోహపు కవాటము అమర్చబడినవారు రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము మాత్ర వేసికొనవలెను. వైద్యుడు చెప్పిన గడువున రక్తపరీక్ష చేయించుకొనవలెను. మాత్ర ఎక్కువైన రక్తస్రావము కలుగును; తక్కువైన కవాటమున గడ్డ చేరి ప్రాణమునకే ముప్పు. విత్తనాల అదనులో కూలి పోవునని, బస్సు ఖర్చు లేదని పరీక్ష మానువారు గలరు. మీ గ్రామమున అట్టివారున్నచో, చివరి పరీక్ష ఎప్పుడు జరిగినదో వారి ఇష్టముతో అడిగి తెలిసికొని, తప్పినవారిని ఆరోగ్య కార్యకర్త వెంట పంపుడు.