ప్రైవేటు క్లబ్ అయితే చట్టం వర్తించదా?

ప్రశ్న: మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. మావారు ఓ క్రికెట్ క్లబ్ సభ్యులు. ప్రమాదం తర్వాత వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నారు. క్లబ్ హాలుకి రెండు మెట్లున్నాయి. ర్యాంపు అడిగితే ‘ఇది ప్రైవేటు క్లబ్, చట్టం మాకు వర్తించదు. కావాలంటే ఖర్చు మీరే పెట్టుకోండి’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, కమిటీవారి మాట పాతకాలం నాటిది. 1995 నాటి వికలాంగుల చట్టం మొదట్లో ఇలాంటి క్లబ్బుల జోలికి వెళ్లలేదు. 2005 సవరణతో అవీ దాని కిందికి వచ్చాయి. ఇప్పుడు అక్కడ అమల్లో ఉన్నది 2010 సమానత్వ చట్టం. కనీసం 25 మంది సభ్యులుండి, నియమాల ప్రకారం ఎంపిక చేసి చేర్చుకునే క్లబ్‌కి అది వర్తిస్తుంది. సభ్యులకే కాదు, అతిథులకూ రక్షణ ఉంది.

సహేతుకమైన మార్పులు చేయడం క్లబ్ బాధ్యత. ఆ ఖర్చు మీవారి నుంచి వసూలు చేయకూడదు. అయితే ఏది సహేతుకమన్నది క్లబ్ స్థోమతనుబట్టి కూడా ఉంటుంది. లిఫ్టు అడిగితే వాదన సాగుతుంది. రెండు మెట్లకి మడత ర్యాంపు వద్దనడం కష్టం.

ముందు క్లబ్ నియమావళి తెప్పించుకోండి. తర్వాత కార్యదర్శికి ఈమెయిల్‌లో ర్యాంపు అడిగి, జవాబుకి గడువు పెట్టండి. నోటిమాటలు నమ్ముకోవద్దు.

ఇంగ్లండ్‌లో కౌంటీ కోర్టుకి వెళ్లాలంటే వివక్ష జరిగిన నాటినుంచి ఆరు నెలలకి ఒకరోజు తక్కువలోపే వెళ్లాలి. రాజీ మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు. రాతపూర్వకంగా కాదన్నా, సభ్యత్వం తీసేస్తామన్నా వెంటనే న్యాయవాదిని కలవండి.