అంబాసిడర్ వెనక కమాన్లు: ఒక పట్టీ ఎక్కువ వేస్తే ఏమవుతుంది?

మెషిన్ డిజైన్ పేపర్లో స్ప్రింగుల చాప్టర్ అందరం చదివాం. కమాన్ పట్టీల ఫార్ములా బట్టీ పట్టి, ఎగ్జామ్‌లో రాసి, హాలు బయటికి రాగానే వదిలేశాం. ఇప్పుడు మా క్లాస్‌మేట్ ఒకడికి ఆ ఫార్ములా నిజంగానే అవసరం పడింది. ఖాజాగూడలో వాళ్ల ఇంటి ముందు తాతగారి అంబాసిడర్ ఉంది. వెనక బాగా కుంగింది. నలుగురు ఎక్కితే స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద ధడేల్‌మంటోంది. వచ్చే నెల అక్క పెళ్లికి ఇంట్లోవాళ్లని ఆ బండిలోనే, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా తీసుకెళ్లాలని వాడి పట్టుదల. మెకానిక్ ఒక్క మాటలో తేల్చేశాడు: "ఇంకో పట్టీ ఏసేద్దాం తమ్మీ. బండి లేస్తది, మలుపుల గట్టిగ పట్టుకుంటది."

బండి లేస్తుంది, అందులో అనుమానం లేదు. మలుపులో పట్టుకుంటుందా లేదా అన్నదే ఈ వ్యాసం.

బండి కింద ఏముంది?

అంబాసిడర్‌కి మూలం బ్రిటన్‌లో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరినుంచి 2014 దాకా దీన్ని తయారుచేశారు. ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, వాటికి టార్షన్ బార్లు ఉంటాయి. వెనక మాత్రం ఒకటే గట్టి ఇరుసు, దాని కింద రెండు కమాన్ కట్టలు. మన ఊళ్లలో తిరిగిన ప్రీమియర్ పద్మినికి కూడా వెనక కమాన్లే.

ఈ కమాన్ కట్ట బరువు మోయడంతో సరిపెట్టుకోదు. ఇరుసు ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టి ఉంచేదీ, బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరగకుండా ఆపేదీ కూడా అదే. అందుకే కమాన్‌ని ముట్టుకుంటే బండి ఎత్తుతోపాటు నడకా మారుతుంది.

ఫార్ములాని బయటికి తీద్దాం

మాటల్లో చెప్పుకుంటే ఇంతే. కమాన్ గట్టిదనం పట్టీల సంఖ్యకీ, వెడల్పుకీ అనులోమంగా పెరుగుతుంది. మందానికి ఘనంగా పెరుగుతుంది. పొడవుకి ఘనంగా తగ్గుతుంది.

లెక్క కోసం కొన్ని గుండ్రటి అంకెలు అనుకుందాం. (మీ బండివి మీరు వెర్నియర్‌తో కొలుచుకోండి.) కన్నునుంచి కన్నుకి పొడవు 1200 మి.మీ., వెడల్పు 50, మందం 6, పట్టీలు 6. ఉక్కు యంగ్స్ మాడ్యులస్ 2,06,000 వేసి గుణిస్తే, మిల్లీమీటరు కుంగడానికి దాదాపు 2.1 కిలోల బరువు కావాలని వస్తుంది. ఖాళీ బండిలో ఒక్కో కట్ట మీద 220 కిలోలు పడుతుందనుకుంటే కమాన్ 105 మి.మీ. కుంగి నిలబడుతుంది.

ఇక్కడో చిన్న చిట్కా. 15.8ని ఈ కుంగుదల (మి.మీ.లలో) వర్గమూలంతో భాగిస్తే బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వచ్చేస్తుంది. మన బండికి 1.54. మనిషి ఒంటికి హాయిగా ఉండేది 1 నుంచి 1.5 దాకా.

ఇప్పుడు మూడు రకాలుగా మార్చి చూద్దాం.

అదే మందంతో ఏడో పట్టీ, పూర్తి లెక్కన వేస్తే: గట్టిదనం 2.45. కుంగుదల 90 మి.మీ. అంటే బండి 15 మి.మీ. లేచింది. ఊపు 1.66.

పట్టీలు ఆరే ఉంచి, మందం 6 బదులు 7 పెడితే: గట్టిదనం 3.33. కుంగుదల 66 మి.మీ. బండి 39 మి.మీ. లేచింది. ఊపు 1.94. ఒక్క మిల్లీమీటరు మందం గట్టిదనాన్ని దాదాపు 59 శాతం పెంచేసింది! ఘనం అంటే ఇదే.

మెత్తగా ఉండాలని ఒక పట్టీ తీసేస్తే: మోసే బరువు మారదు కాబట్టి మిగిలిన అయిదు పట్టీల మీద ఒత్తిడి 20 శాతం పెరుగుతుంది. గుంతల రోడ్డు మీద ఫెటీగ్‌తో పట్టీ విరగడానికి దారి వేసినట్టే.

కుంగడం వేరు, మెత్తబడటం వేరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పాత కమాన్ కుంగిందంటే మెత్తబడిందని అనుకుంటాం. ఫార్ములా మళ్లీ చూడండి. పొడవు, వెడల్పు, మందం, సంఖ్య, మాడ్యులస్: ఇవి తప్ప అందులో ఇంకేం లేవు. వయసుతో ఉక్కు మాడ్యులస్ తగ్గదు. మారింది కమాన్ వంపు మాత్రమే. ఏళ్ల తరబడి బరువు మోసి అది కొంచెం శాశ్వతంగా వంగిపోయింది. పట్టీలు తుప్పు తినో, అరిగో పలచబడకపోతే గట్టిదనం దాదాపు పాతదే.

అంటే మనకొచ్చిన జబ్బు ఎత్తు తగ్గడం. పట్టీ కలపడం గట్టిదనం పెంచే మందు. జ్వరానికి కంటి చుక్కల్లాంటిదది.

మలుపులో ఏం జరుగుతుంది?

నలుగురు మోసే పల్లకీని ఊహించుకోండి. పల్లకీ పక్కకి ఒరిగినప్పుడు వెనక బోయీలిద్దరూ బిగుసుకుని నిలబడి, ముందువాళ్లు కాస్త వంగి సర్దుకుంటే, ఒరుగు బరువులో ఎక్కువ భాగం వెనక బయటి బోయీ భుజం మీదే పడుతుంది. కారూ అంతే. మలుపులో లోపలి చక్రాలనుంచి బయటి చక్రాలకి మొత్తం ఎంత బరువు మారాలో వేగం, మలుపు, బండి ఎత్తు, చక్రాల మధ్య దూరం నిర్ణయిస్తాయి. అందులో ముందు జత వాటా ఎంత, వెనక జత వాటా ఎంత అన్నది మాత్రం ఏ వైపు స్ప్రింగులు గట్టిగా ఉన్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది.

టైరు పట్టు దానిమీది బరువుతోపాటు పెరుగుతుంది గానీ అదే నిష్పత్తిలో పెరగదు. అందుకని ఎక్కువ బరువు మార్పిడి జరిగే జత మొత్తంమీద పట్టు కోల్పోతుంది. ముందు టార్షన్ బార్లను అలాగే ఉంచి వెనక్కి మాత్రమే పట్టీ కలిపితే, బండి ఒరగడం తగ్గుతుంది. డ్రైవర్‌కి "గట్టిగా ఉంది" అనే అనిపిస్తుంది. కానీ హద్దు దాటినప్పుడు ముందుగా జారేది వెనక చక్రాలే. దాన్నే ఓవర్‌స్టీర్ అంటాం.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. కమాన్ బాగా వంపు తిరిగి ఉన్నప్పుడు కుంగితే సాగుతుంది, ఇరుసుని వెనక్కి నెడుతుంది. మలుపులో బయటి కమాన్ కుంగి తనవైపు ఇరుసుని వెనక్కి నెడుతుంది. లోపలిది లేచి ముందుకి లాగుతుంది. దాంతో ఇరుసు మొత్తం కొంచెం తిరిగి, వెనక చక్రాలు మలుపు బయటికి చూస్తాయి. ఇదీ ఓవర్‌స్టీర్ వైపే. బండిని లేపేకొద్దీ వంపు పెరుగుతుంది కాబట్టి ఈ తిక్కా పెరుగుతుంది. బరువు మీద దాదాపు చదునుగా నిలిచే కమాన్‌కి ఈ బాధ తక్కువ.

రెండు కారణాలూ ఒకే దిక్కుకి లాగుతున్నాయని గమనించండి. ఖాజాగూడ గుట్టల పక్కన ముప్పైలో వెళ్తే ఇదేదీ తెలియదు. వాన పడ్డ సాయంత్రం నానక్‌రామ్‌గూడ దగ్గర రింగ్ రోడ్డు ర్యాంపు మీద, ఒంపు మధ్యలో ఉలిక్కిపడి యాక్సిలరేటర్ వదిలేశామనుకోండి, అప్పుడు తెలుస్తుంది. అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ లేదు, కాపాడాల్సింది కమాన్లూ టైర్లే.

ఇంటి ముందే చేయగల ప్రయోగం

పట్టీ గురించి వాదించుకునే ముందు కొలవండి. ఖర్చు నాలుగు ఇసుక బస్తాలు, ఒక టేపు.

బండిని సమతలం మీద పెట్టి, చక్రం మధ్యనుంచి మడ్‌గార్డ్ అంచుకి రెండు వైపులా ఎత్తు కొలవండి. 25 కిలోల బస్తాలు నాలుగు డిక్కీలో, వెనక సీటు గోడకి ఆనించి ఇరుసు మీద పడేలా పెట్టండి. బండిని రెండుసార్లు ఊపి వదిలి మళ్లీ కొలవండి. సగటున 24 మి.మీ. దిగిందనుకోండి, ఒక్కో కట్టకి 50 కిలోలు, 50 ÷ 24 అంటే సుమారు 2.1. గట్టిదనం వచ్చేసింది.

ఇప్పుడు బస్తాలు దించి, ఊపకుండా కొలవండి. పాత ఎత్తుకి రాకుండా మధ్యలోనే ఆగిపోయిందా? అది పట్టీల మధ్య రాపిడి. తుప్పు పట్టిన కట్ట చిన్న గతుకులకి అసలు కదలదు, ఆ దెబ్బ తిన్నగా నడుముకి తగులుతుంది. "కమాన్ గట్టిగా ఉంది" అనుకునే చాలా బండ్లలో ఉన్నది ఈ బిగుసుకుపోవడమే. విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెడితే అదే కమాన్ కొత్త మనిషిలా నడుస్తుంది.

మరి ఏది ఎంచుకోవాలి?

ముందు టైర్లు, షాక్ అబ్జార్బర్లు, కమాన్ కన్నుల్లోని బుష్‌లు, షాకిళ్లు, యూ బోల్టులు చూడండి. బుష్ అరిగితే ఇరుసు తనకి తోచినట్టు తిరుగుతుంది, అప్పుడు ఏ కమాన్ వేసినా ఒకటే.

కొలతలో గట్టిదనం సరిపోయి ఎత్తు మాత్రమే తగ్గి ఉంటే, పట్టీలకి మళ్లీ వంపు పెట్టించండి. దీన్ని హీట్ ట్రీట్‌మెంట్ చేయగల చోటే చేయించాలి. కమాన్ సిలికో మాంగనీస్ లాంటి స్ప్రింగ్ ఉక్కు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేస్తే దాని టెంపర్ పోతుంది, నెలలో మళ్లీ కుంగుతుంది. పట్టీకి వెల్డింగ్ అసలే వద్దు.

పట్టీల్లో పగులు కనిపించినా, తుప్పుతో పలచబడినా, అసలు కొలతలున్న కొత్త కట్టలు జతగా మార్చండి. ఒక పక్కే మారిస్తే బండి ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా నడుస్తుంది.

బిగించేటప్పుడు, రబ్బరు బుష్‌లున్న బోల్టుల చివరి బిగింపు బండి నేల మీద, తన బరువు మీద నిలబడ్డాకే చేయించండి. జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఇరుక్కుని త్వరగా చిరుగుతుంది.

అదనపు పట్టీ ఎప్పుడూ సామాను మోసే బండికి సరే. ఇంటిల్లిపాదీ ఎక్కి మలుపులు తిరిగే కారుకి మాత్రం, ముందువైపు లెక్క కూడా చూడకుండా వెనక గట్టి చేయొద్దు. మీ ఇంట్లో పాత అంబాసిడరో పద్మినో ఉంటే ఈ ఆదివారం బస్తాల ప్రయోగం చేసి, ఎడమ, కుడి కట్టల అంకెలు విడివిడిగా క్లబ్ గ్రూపులో పెట్టండి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి బండికి వంపు కావాలో, ఎవరి బండికి గ్రీజు చాలో అంకెలే చెబుతాయి.