కాంతికి దారి చూపు సూక్ష్మఫలకములు

విద్యార్థులారా, గత సంవత్సరము మా తరగతిలో జరిగిన యొక పరీక్షతో ఈ పాఠము నారంభింతుము. దిల్‌సుఖ్‌నగరు బజారులో కొన్న యెఱ్ఱని లేజరు దీపమును, ఎల్.బి.నగరునుండి యొక బాలిక తెచ్చిన పాత సి.డి.ని బల్లపై నుంచితిమి. గదిని చీకటి చేసి కిరణమును నిటారుగా సి.డి.పై బడనిచ్చితిమి. ఒక వెలుగు వచ్చిన దారినే మరలెను. తక్కినవి యిరుప్రక్కల గోడలపై చుక్కలై నిలిచెను.

దీనికి కారణమేమి? సి.డి.పై 1600 నానోమీటర్ల యెడముతో సన్నని జాడలు గలవు. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ భాగము. జాడలనుండి మరలిన తరంగములు కొన్ని దిక్కులందే కూడి బలపడును. తక్కిన దిక్కులందు ఒకదాని నొకటి యణచుకొనును. ఇదియే వివర్తనము. తరంగదైర్ఘ్యమును జాడల యెడముచే భాగించిన, మొదటి చుక్క కోణముయొక్క సైను వచ్చును. ఎఱ్ఱకాంతికి 650 నానోమీటర్లు గావున 650 ÷ 1600 = 0.406, కోణము సుమారు 24 డిగ్రీలు. రెండవ చుక్కకు 0.8125, అనగా సుమారు 54 డిగ్రీలు. మూడవదానికి 1.22 వచ్చును; సైను 1ని మించదు గావున మూడవ చుక్క లేదు. డి.వి.డి.లో నెడము 740 నానోమీటర్లే. అందు రెండవ చుక్కయు నుండదు.

అప్పుడా బాలిక లేచి, “అయ్యగారూ, వెలుగునంతయు నొక ప్రక్కకే పంపవచ్చునా?” యని యడిగెను. “వీలుకాదు” అంటిమి. అది మా పొరపాటు.

ఆ రాత్రి గ్రంథములు చూడగా తెలిసినదేమన, జాలకపు గీతలను ఏటవాలుగా కోసిన, వెలుగులో నధికభాగ మొక ప్రక్కకే పోవును. అమెరికా శాస్త్రజ్ఞుడగు ఆర్.డబ్ల్యు.వుడ్ 1910లో నిట్టి జాలకములను చేసెను. ఆయనయే 1902లో, కొన్ని రంగులయొద్ద జాలకపు వెలుగు హఠాత్తుగా మారుట కనుగొనెను. కాంతి తలమువెంట కొంత పరుగిడి మరల వెలువడుటయే యిందుకు కారణమని 1941లో ఫానో వివరించెను. ఉయ్యాలను దాని యూపునకు సరిగా త్రోసిన నెత్తుగా నూగును గదా! ఇదియే యనునాదము.

నేడు గాజుపై కొన్ని వందల నానోమీటర్ల సిలికను స్తంభములను వరుసగా నిలుపుచున్నారు. స్తంభపు వెడల్పునుబట్టి కాంతి యందు నిలుచు కాలము మారును. వెడల్పులను క్రమముగా మార్చిన, తరంగపు ముఖమే యొక ప్రక్కకు వాలును. వెలుగు కోరిన దిక్కునకు పోవును. ఇట్లు తలముపై తరంగపు దశను మార్చి కాంతిని వంచు నియమమును 2011లో హార్వర్డునందు కపాసో బృందము ప్రకటించెను. కాగితముకంటె పలుచని కటకములు దీని ఫలమే.

ఈ విద్య మన దేశమునకు పరాయిది కాదు. ద్రవములోని శబ్దతరంగములే కాంతికి జాలకమగు విధమును 1935లో రామన్, నాగేంద్రనాథులు లెక్కించిరి. రామన్‌తో పరిశోధించిన తెలుగువారు సూరి భగవంతముగారు 1952లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైరి.

మఱునాడు తరగతిలో “నిన్న మేము తప్పు చెప్పితిమి” అని యొప్పుకొని, పాఠమును మరల చెప్పితిమి. బాలబాలికలారా, ఇంట నీ పరీక్ష చేయునపుడు పెద్దలను దగ్గర నుంచుకొనుడు. లేజరును గాని దాని ప్రతిబింబమును గాని కంట బడనీయకుడు. సందేహము కలిగిన నడుగుడు. గురువు “వీలుకాదు” అనినను, ఏల వీలుకాదో మరల నడుగుడు.