చలిదేశంలో నీళ్ల పైపులు – జాగ్రత్తలు



మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. కాన్పులకు, మనుమల కోసం మనమూ వెళ్తున్నాము. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో గడ్డకట్టే చలికి కరెంటు పోయి, ఎన్నో ఇళ్లలో పైపులు పగిలాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికే పైపు పగులుతుంది.

గుర్తుంచుకోవలసినవి:

1. చలి హెచ్చరిక రాగానే కుళాయిని సన్నని ధారగా వదలండి. సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి. తాగేనీరు ముందే పట్టుకోండి.

2. మెయిన్ వాల్వు ఎక్కడుందో పిల్లలను అడిగి తెలుసుకోండి. పైపు పగిలితే వెంటనే దాన్ని కట్టేయండి.

3. గడ్డకట్టిన పైపుకు మంట చూపవద్దు. కుళాయి తెరిచి, ఆ వైపు నుండి వేడినీటిలో పిండిన తువ్వాళ్లు చుట్టండి.

4. నీరు కాచి తాగమని ప్రకటిస్తే, తెర్లిన తరువాత ఒక నిమిషం మరగనివ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం: చలి కాచుకోవడానికి ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. జనరేటరు ఇంట్లోగాని, గ్యారేజీలోగాని నడపవద్దు. వాటినుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ టెక్సాస్ చలిలో అలా చనిపోయినవారున్నారు. తలనొప్పి, తలతిరుగుడు, వాంతులు వస్తే అందరూ బయటకు వచ్చి 911కు ఫోన్ చేయండి.

పైపు పగిలితే బాగుచేయించుకోవచ్చు. ప్రాణం పోతే తిరిగి రాదు. దేవుడు మీ గృహములను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్