ఎఱ్ఱరాజు స్వప్నము - ఏకజీవవాదము

ఆంగ్ల బాలసాహిత్యమున ప్రసిద్ధికెక్కిన ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ 1871లో వెలువడినది. కర్త లూయీ కరోల్. అసలు పేరు ఛార్లెస్ లట్‌విడ్జ్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డులో గణితాధ్యాపకుడు, తర్కమునందును గ్రంథకర్త. ఆలిస్ అను బాలిక అద్దమునకు ఆవలి లోకమున సంచరించుట ఇందలి కథ. స్వప్నకథ యగుటచే దీనిని అద్వైతపరమని చెప్పబూనుట సులభమే. కాని అది పరీక్షింపవలసిన మాట.

నాలుగవ అధ్యాయమున ఎఱ్ఱరాజు అడవిలో గురకపెట్టుచు నిద్రించుచుండును. ఇద్దరు సోదరులు ఆలిస్‌ను రాజు కలలోని వస్తువు మాత్రమే యనియు, అతడు మేల్కొన్నచో ఆమె కొవ్వొత్తివలె ఆరిపోవుననియు చెప్పుదురు. తాను సత్యము కానిచో ఏడ్వజాలనని ఆమె వాదించును. ఆ కన్నీరు మాత్రము సత్యమా యని సోదరులలో నొకడు ఆక్షేపించును.

నైయాయికులకు ఈ ఆక్షేపము క్రొత్తది కాదు. ఆలిస్ సత్యత్వము సాధ్యము, అశ్రువులు హేతువు. సాధ్యమెంత సందిగ్ధమో హేతువును అంతే సందిగ్ధము. ఇది సాధ్యసమమను హేత్వాభాసము. మాండూక్యకారికల వైతథ్యప్రకరణమున సప్రయోజనత్వము సత్యత్వసాధకము కాదని చెప్పిన ఘట్టమును, కడుపునిండ భుజించి నిద్రించినవాడు కలలో ఆకలిగొనునను శంకరభాష్యదృష్టాంతమును ఇచట స్మరింపదగును.

గ్రంథాంతమున ఆలిస్ మేల్కొని, కలగన్నది తానా, రాజా యని పిల్లిపిల్లను అడుగును. రాజు ఆమె కలలోనివాడు, ఆమె రాజు కలలోనిది: అన్యోన్యాశ్రయము. ప్రకాశానందుల వేదాంతసిద్ధాంతముక్తావళి సమర్థించిన ఏకజీవవాదమునకు ఎదురగు శంకయు ఇట్టిదే. జీవుడొక్కడే, తక్కినవారు స్వప్నపురుషతుల్యులు అన్నచో, ఆ ఒక్కడెవడు? ప్రతివాడును తానే యనవచ్చును, వినిగమకము లేదు. పిల్లిపిల్ల బదులీయక రెండవ పంజా నాకుకొననారంభించును. వినిగమకాభావమున అంతకు మించిన ఉత్తరము దుర్లభము!

గౌడపాదులును ఈ భేదములను కల్పించువాడెవ్వడని ప్రశ్నించి, ఆత్మయే స్వమాయచే కల్పించునని నిర్ణయించిరి. స్వప్నము బాధితమైనను సాక్షి బాధితుడు కాడు. కరోల్ కథలో ఆ సాక్షికి తావు లేదు. ద్రష్టలిద్దరును దృశ్యకోటిలోనే చేరిపోవుదురు. యోగవాసిష్ఠమందలి శతరుద్రోపాఖ్యానమున కలలో కల, అందులో మరియొక కల గొలుసువలె సాగినను, రుద్రుడు ప్రబుద్ధుడై తక్కినవారిని ఒక్కొక్కరినే మేల్కొలుపును. ఇచట అట్టివాడు లేడు. కావున ఈ కథ సిద్ధాంతము కాదు, దృఢమైన పూర్వపక్షము. సోదరుల మాట అంగీకరింపని ఆలిసే, వారిలో ఒకడు బిగ్గరగా అరచినప్పుడు, రాజు మేల్కొనునేమో నెమ్మదిగా మాటాడుమని వారించును.