తప్పు ఎవరిదో రోడ్డు మీద తేలదు

చిరంజీవి మేనకోడలికి,


కొత్త కారులో రోజూ గచ్చిబౌలి మీదుగా మైండ్‌స్పేస్‌కు వెళ్తున్నావు కాబట్టి ఈ ఉత్తరం. ఆ రద్దీలో ఎంత జాగ్రత్తగా నడిపేవాళ్లకైనా ఏదో ఒకరోజు బండి తగలొచ్చు. తగిలిన మరుక్షణం జనం మూగుతారు, తలా ఒక తీర్పు చెబుతారు. కారు, బైకు గుద్దుకుంటే పెద్ద బండిదే తప్పంటారు. హెల్మెట్ లేకపోతే బైకువాడిదే అంటారు. ఇవేవీ చట్టం కాదమ్మా. చట్టం అడిగేది ఒక్కటే: ఎవరు చేసిన ఏ పని వల్ల ఈ ప్రమాదం జరిగింది? నీ మాట, నీ సంతకం, నీ బీమా క్లెయిమ్ అన్నీ ఆ ప్రశ్నకు కట్టుబడి ఉండాలి.

మహమ్మద్ సిద్దిఖ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడు. ఒకే బైకు మీద ముగ్గురు వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, ఒకరు చనిపోయారు. ముగ్గురు ఎక్కడం తప్పేనంటూ హైకోర్టు పరిహారంలో పది శాతం కోసింది. సుప్రీంకోర్టు ఆ కోత ఒప్పుకోలేదు. ముగ్గురు ఎక్కడం నిబంధనకు విరుద్ధమే గానీ, దానివల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదయిందనో రుజువు కావాలంది. హెల్మెట్ సంగతీ అలాగే ఆలోచించాల్సిందే. తలకు గాయమైతే ఆ మాట లెక్కలోకి రావచ్చు, కాలు విరిగితే దానికీ హెల్మెట్‌కూ సంబంధమేముంది? ఇక వెనక నుంచి గుద్దితే, ముందు బండికి తగినంత దూరం పాటించాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి వెనకవాడి మీదే మొదట అనుమానం వస్తుంది. కానీ ముందువాడు ఉన్నట్టుండి లేన్ మారి అడ్డం వచ్చాడని తేలితే లెక్క మారుతుంది. అవసరమైతే పరిహారం తేల్చే ట్రిబ్యునల్ తప్పును ఇద్దరికీ శాతాల్లో పంచుతుంది.

మరి రోడ్డే బాగాలేకపోతే అంటావా? మన గచ్చిబౌలి దగ్గరి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ విషయంలో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది. 2019 నవంబర్ 4న ప్రారంభమైన ఆ వంతెన మీద నుంచి అదే నెల 23న ఒక కారు కింద పడి, రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ ప్రాణం తీసింది. మలుపు డిజైన్‌లోనే లోపముందన్న వాదన గట్టిగా వినిపించింది. ఆ వాదనను కొట్టిపారేయలేం. వంతెన మూసి, నిపుణులతో పరిశీలన చేయించి, భద్రతా ఏర్పాట్లు పెంచాకే 2020 జనవరిలో తెరిచారు. అయితే అక్కడ వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు, పోలీసులు చెప్పిన కారు వేగం దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. రోడ్డు లోపం ఇంకొకరి బాధ్యతను పెంచవచ్చు గానీ, నడిపేవాడి బాధ్యతను చెరిపేయదు.

కారణం తేలాలంటే రుజువు కావాలి, రోడ్డు మీద రుజువు నిమిషాల్లో చెదిరిపోతుంది. గాయపడినవాళ్లుంటే ముందు 108కి ఫోన్ చెయ్యి. వాళ్లకు వైద్యం అందేలా చూడడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ విధి. తర్వాత, బండ్లు పక్కకు తీయకముందే ఫోటోలు తీసుకో. రెండు నంబర్ ప్లేట్లూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి. లేన్ గీతకు చక్రాలు ఎటువైపున్నాయో, బ్రేకు మరకలు ఎక్కడ మొదలయ్యాయో, పగిలిన లైటు ముక్కలు ఎక్కడ పడ్డాయో కనబడాలి. దగ్గర్లో సిగ్నల్ కెమెరా గానీ, ఆఫీసు గేటు సీసీటీవీ గానీ ఉంటే రాసిపెట్టుకుని పోలీసులకు చెప్పు. పాత రికార్డింగ్ చెరిగిపోకముందే వాళ్లు తీసుకోవాలి.

ఇంత తతంగం ఎందుకు, అక్కడికక్కడే డబ్బిచ్చి పంపేస్తే పోదా అని చాలామంది అంటారు. గీత పడిన బంపర్‌కు ఆ మాట సబబే. చిన్న క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అది వరసగా ఐదేళ్లు నిలిస్తే నీ కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం దాకా తగ్గిస్తుంది. రిపేరు బిల్లునూ పోయే బోనస్‌నూ పక్కపక్కన పెట్టి చూసుకో. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఆ లెక్క పనికిరాదు. లోపలి గాయం మర్నాడు బయటపడవచ్చు, నువ్వు చేతిలో పెట్టిన నోట్లు అతని ఆసుపత్రి ఖర్చుకు చాలవు. చావుకూ గాయాలకూ థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది అందుకే. అది నీ కారు కోసం కాదు, నీ బండి కింద పడ్డవాడి కోసం. నీ కారు రిపేరుకు కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే తప్పు నీదైనా క్లెయిమ్ వేయవచ్చు. కంపెనీకి వెంటనే కబురు చెయ్యి, సర్వేయర్ చూడకముందు బండి విప్పనివ్వకు.

నిజం చెబితే కేసు నామీదికే వస్తుంది కదా అని నీకు అనిపించవచ్చు. రావచ్చు కూడా. కానీ నడిపిన మనిషి పేరు మార్చడం, జరిగిన చోటు మార్చడం లాంటివి బయటపడితే క్లెయిమ్ పోతుంది, అబద్ధం ఇంకో నేరమై చుట్టుకుంటుంది. అలాగని కంగారులో తప్పంతా నాదేనని రాసివ్వనూ వద్దు. చూసింది చూసినట్టు చెప్పు, తెలియనిది తెలియదను. నీ తప్పు ఎంతో అంతే నీదవుతుంది, అవతలివాడికి రావలసింది అతనికి దక్కుతుంది.

ఇట్లు,
నీ మామయ్య