ఉద్యోగం మారేటప్పుడు: మష్వరా, ఇస్తిఖారా, తవక్కుల్

ఉద్యోగం లేనివాని బాధ అందరికీ కనిపిస్తుంది. ఒక ఉద్యోగం చేస్తూ, మరొకటి చేతికొచ్చి, ఏది పట్టుకోవాలో తెలియక నలిగిపోయేవాని బాధ ఇంట్లోవాళ్లకు కూడా సరిగా కనిపించదు. "రెండు ఉన్నాయిగా, ఇంకేం దిగులు?" అంటారు. మన రెండు జిల్లాల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్న దిగులు ఇదే.

2019నే తీసుకుందాం. ఆ ఏడాది రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షా 26 వేలకు పైగా పోస్టులకు ప్రకటన వచ్చింది. దాదాపు 21 లక్షల మంది దరఖాస్తు చేశారు. హైదరాబాదు, బెంగళూరుల్లో ప్రైవేటు కొలువుల్లో ఉన్నవారూ, పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టులు చేస్తున్నవారూ పరీక్ష రాశారు. ప్రొబేషన్‌లో నెలకు 15,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత స్కేలు అన్నారు. ప్రొబేషన్ ఖరారై స్కేలు జీతం అందేసరికి 2022 మధ్యకు వచ్చింది. ఆ మధ్యకాలంలో "వదిలి తప్పు చేశామా?" అనుకున్నవారు ఎందరో. చేరకుండా ఉండిపోయినవారిలోనూ "చేరి ఉంటే బాగుండేది" అన్నవారున్నారు. ఏ దారి పట్టినవారికైనా రెండో ఆలోచన తప్పలేదు. అందుచేత రెండో ఆలోచన వచ్చిందంటే మన నిర్ణయం తప్పయిందని అర్థం కాదు.

ఈ విషయంలో మన దీన్ ఒక క్రమం నేర్పింది. దివ్య ఖుర్ఆన్‌లో ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లో మూడు మెట్లు కనిపిస్తాయి. ముందు మష్వరా, అంటే సంప్రదింపు. తర్వాత గట్టి సంకల్పం. ఆపైన తవక్కుల్, అంటే అల్లాహ్‌పై భారం వేయడం. ఈ ఆయత్ ఏ సందర్భంలోదో గుర్తు చేసుకుంటే పాఠం ఇంకా బాగా అర్థమవుతుంది.

హిజ్రీ 3వ సంవత్సరంలో (క్రీ.శ. 625) మక్కా సైన్యం మదీనా మీదికి వచ్చింది. ఊళ్లోనే ఉండి ఎదుర్కోవాలా, బయటికి వెళ్లాలా అని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సహాబాలను సంప్రదించారు. వారి సొంత మొగ్గు ఊళ్లో ఉండడం వైపే. యువకులు ఎక్కువమంది బయటికే వెళదామన్నారు. ఆ మాట మన్నించి వారు కవచం తొడుక్కున్నారు. అప్పుడు ఆ యువకులకు సంకోచం కలిగింది. "మేము బలవంతం చేశామేమో, మీ ఇష్టప్రకారమే కానివ్వండి" అన్నట్లు మాట్లాడారు. కవచం తొడిగాక ప్రవక్తకు వెనుదీయడం తగదని వారు ముందుకే కదిలారు. ఉహుద్‌లో 70 మంది షహీద్ అయ్యారు. ఇంత నష్టం జరిగాక కూడా, వారితో సంప్రదించండి అనే ఆదేశం వచ్చింది. ఫలితం చేదుగా వచ్చినంత మాత్రాన, సలహా తీసుకుని నిర్ణయించే పద్ధతి తప్పు కాదని మనకు దీనివల్ల తెలుస్తోంది.

ఇక ఇస్తిఖారా. ప్రవక్త (స) ఖుర్ఆన్ సూరాలు నేర్పినట్లే ఇస్తిఖారా దుఆనూ నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. రెండు రకాతుల నఫిల్ చదివి, నాకు మేలైనదైతే సులభం చెయ్యి, కాకుంటే దూరం చెయ్యి అని వేడుకోవడమే దాని సారం. కొందరు కల రావాలని వారాల తరబడి ఆగిపోతారు. కల రావాలన్న షరతు ఆ హదీసులో లేదు. విచారించాల్సింది విచారించకుండా, చదవాల్సిన కాగితం చదవకుండా ఇస్తిఖారా ఒక్కటే చేసి కూర్చోవడం మష్వరా అనే మెట్టును దాటేయడమే.

మరి ఏమేమి విచారించాలి? ప్రభుత్వ ఉద్యోగి అయితే, శాఖ అనుమతితోనే మరో ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలి. పర్మినెంటు అయినవారు అలా వెళితే పాత పోస్టుపై కొంతకాలం హక్కు నిలుపుకునే వీలుంటుంది. దాన్ని లియన్ అంటారు. తొందరపడి మామూలు రాజీనామా ఇచ్చినవారికి ఆ వీలు పోతుంది. ప్రైవేటు ఉద్యోగి అయితే పీఎఫ్ డబ్బు తీసి ఖర్చుపెట్టక, అదే యూఏఎన్ నంబరు మీద కొత్త సంస్థకు బదిలీ చేసుకోవాలి. పీఎఫ్ పింఛనుకు మొత్తం 10 ఏళ్ల సర్వీసు కావాలి. గ్రాట్యుటీకి సాధారణంగా ఒకే సంస్థలో 5 ఏళ్లు నిండాలి. నాలుగేళ్లు దాటినవాడు కొద్ది నెలలు ఆగితే లాభమేమో లెక్క వేసుకోవాలి. గల్ఫ్‌కు వెళ్లేవారు ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. ఏజెంటు తీసుకోదగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అన్నిటికన్నా ముఖ్యం, కొత్త నియామక పత్రం చేతికి రాకముందు పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వరాదు.

మన ప్రాంతపు పెద్ద ఒకరిని కూడా తలచుకోవాలి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. బడిలో పాఠం చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు తయారుచేశారు. 1911లో ఉద్యోగం స్వచ్ఛందంగా వదిలి వ్యావహారిక భాష కోసం పూర్తికాలం పనిచేశారు. పాత పని చేస్తూనే కొత్త పనికి పునాది వేసుకున్నారు కనుక, వదిలే నాటికి వెళ్లవలసిన చోటు ఆయనకు తెలుసు.

నిర్ణయం తీసుకున్నాక మనసు మళ్లీ ఊగితే ఒక ప్రశ్న వేసుకోండి: నాకు కొత్త విషయం ఏమైనా తెలిసిందా, లేక పాత భయమే తిరిగి వచ్చిందా? జీతం గురించి చెప్పినది అబద్ధమని తెలిస్తే, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, అది కొత్త విషయం. ఆగి ఆలోచించవలసిందే. "బంధువులు ఏమంటారో, అక్కడ ఇమడగలనో లేదో" అనేది నిన్నా ఉన్నదే. మన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. పరీక్ష రాసేటప్పుడు ఒప్పుకున్న ఇల్లే, చేరవలసిన ముందు రోజు రాత్రి "దూరం కదా, సంబంధాలు రావేమో" అంటుంది. ఊరి దూరం మొదటి నుంచీ తెలిసినదే. అమ్మాయి రెండేళ్ల చదువు ఆ ఒక్క రాత్రి మాటకు పోకూడదు.

చివరగా దాతలకు ఒక మనవి. ఒక్క జీతంతో నడిచే ఇంట్లో పాత ఉద్యోగం వదిలాక కొత్త జీతం వచ్చే వరకు నెలో రెండు నెలలో ఖాళీ వస్తే అద్దె ఆగిపోతుంది, పిల్లల ఫీజు ఆగిపోతుంది. అలాంటివాని సంకోచాన్ని పిరికితనం అనలేము. ఆ రెండు నెలలకు చిన్న ఖర్జె హసనా దొరికితే అతను ధైర్యంగా అడుగు వేస్తాడు, జీతం అందాక తీరుస్తాడు. డబ్బు ఇవ్వలేనివారు అనుభవం ఇవ్వవచ్చు. మనలో బ్యాంకుల్లో, రైల్వేలో, బడుల్లో, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవారు నెలకో ఆదివారం ఒక గంట కూర్చుని పిల్లల ప్రశ్నలు వింటే చాలు. నిజాయితీగా ఇచ్చిన సలహా కూడా సదఖాయే.

అల్లాహ్ మన పిల్లలకు హలాల్ రిజ్ఖ్‌ను, మంచి నిర్ణయాన్ని, ఆ నిర్ణయంపై స్థిరత్వాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.